ఒకటో తరగతి పిల్లలకు యేసు ఉపమానాలు: కథ చెప్పండి, అర్థం చెప్పకండి

గుంటూరులో సండే స్కూల్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలకు చెప్పే టీచరుగారొకరు అడిగిన ప్రశ్న ఇది: "ఉపమానం చెబితే కథ అయ్యేదాకా నోరు తెరుచుకుని వింటారు. అర్థం మొదలుపెట్టగానే కిటికీ వైపు చూస్తారు. అర్థాన్ని వాళ్ళ బుర్రకెక్కించేది ఎలా?"

ఎక్కించకండి. ఆరేడేళ్ళ పిల్లలకు ఉపమానం అర్థం విడమరచి చెప్పడమే పొరపాటు, చెప్పే తీరులో లోపం కాదు. మత్తయి 13వ అధ్యాయం తీయండి. విత్తువాని కథ 3 నుంచి 9 వచనాల్లో అయిపోతుంది: ఒకడు చల్లిన గింజల్లో దారిన పడ్డవాటిని పిట్టలు తిన్నాయి, రాతినేలవి మొలిచి ఎండిపోయాయి, ముళ్ళలోవి అణిగిపోయాయి, మంచి నేలవి నూరంతలు, అరవదంతలు, ముప్పదంతలు ఫలించాయి. దాని అర్థం 18వ వచనంలో గానీ మొదలుకాదు, అదీ శిష్యులు దగ్గరికొచ్చి అడిగాక. ఒడ్డున నిలబడ్డ జనానికి ప్రభువు పడవలో కూర్చుని కథ చెప్పి, "చెవులుగలవాడు వినుగాక" అని ఆపేశాడు. పెద్దవాళ్ళకే ఆయన ఇవ్వని వివరణను మనం ఒకటో తరగతి పిల్లాడికి ఆ పూటే, ఆ గంటలోనే ఇవ్వాలని తాపత్రయపడుతున్నాం.

ఆ వయసులో రాయంటే రాయే. "రాతినేల అంటే కఠినమైన మనసు నాన్నా" అంటే తలూపుతాడు, అప్పజెప్పమంటే అప్పజెబుతాడు కూడా. కానీ లోపల ఆ రెండూ కలవవు. అంతకంటే చేటు చేసేది "నువ్వు ఏ నేలవి?" అన్న ప్రశ్న. క్లాసంతా "మంచి నేల" అని అరుస్తుంది. ఇంట్లో రోజూ అల్లరికి తిట్లు తినే పిల్లాడు మాత్రం తాను ముళ్ళ నేలనని అనుకుంటాడు. నేల తనంతట తాను మారలేదు కదా, కాబట్టి తనకిక దారి లేదనుకుంటాడు. చిన్న పిల్లల్ని దయచేసి ఆ ప్రశ్న అడగకండి.

మరేం చేయాలి? కథలోని వస్తువుల్ని వాళ్ళ చేతుల్లో పెట్టండి. విత్తువాని కథకు నాలుగు ట్రేలు చాలు. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు, కింద చిల్లులు ఉండాలి. రెండు ట్రేలు అయిదంగుళాల లోతు, రెండు రెండంగుళాల లోతు ఉంటే సరిపోతుంది.

మొదటిది దారి. మట్టి తడిపి, ఇటుకతో అణగ్గొట్టి, రెండు రోజులు ఎండబెట్టండి. మన నల్లరేగడి ఒక్కటే వాడితే పని చెడుతుంది. ఎండగానే బీటలు వారి, గింజలు ఆ బీటల్లోకి జారిపోతాయి, పిట్టలకు దొరకవు. ఎర్రమట్టిలో కాస్త ఇసుక కలపండి.

రెండోది రాతినేల. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గులకరాళ్ళు కలిపిన మట్టి పెడతారు. అందులో మొక్క బ్రహ్మాండంగా పెరుగుతుంది, ఎందుకంటే వేర్లు రాళ్ళ సందుల్లోంచి కిందికి పోతాయి. వాక్యంలో ఉన్నది అది కాదు. అడుగున బండ, దాని మీద పల్చటి మన్ను. పలక లాంటి నాపరాయి ముక్క పరిచి, దాని మీద అర అంగుళం మించకుండా మట్టి వేయండి.

మూడోది ముళ్ళ నేల. తుమ్మకంప తెచ్చి గుచ్చకండి, పిల్లల చేతులకు గుచ్చుకుంటుంది, పైగా అది పెరగదు. పొలం గట్టు మీద తుంగ తవ్వి పదిహేను, ఇరవై గడ్డలు రెండు వారాల ముందే లోతు ట్రేలో పాతిపెట్టండి. తుంగ ఎంత మొండిదో ఈ జిల్లాల్లో రైతు ఇంటి పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగోది మంచి నేల. అదీ లోతు ట్రేయే. సగం మట్టి, పావు వంతు ఇసుక, పావు వంతు చివికిన పశువుల ఎరువు వేయండి.

విత్తనాలకు పెసలు మేలు. ధనియాలు వేస్తే రెండో ఆదివారానికి ఏమీ కనపడదు, పిల్లల ఉత్సాహం చల్లారిపోతుంది. విత్తే రోజున దారి తప్ప మిగతా మూడు ట్రేలనీ బాగా తడిపి, నాలుగింటినీ అంచులు ఆనేలా పక్కపక్కన పేర్చండి. ఒక పిల్లాణ్ణి రెండడుగుల దూరంలో నిలబెట్టి గుప్పెడు గింజలు ఒక్క ఊపున చల్లమనండి. ట్రేకి ఇన్నేసి గింజలని లెక్కపెట్టి మీరు వేయొద్దు. అలా వేస్తే పిల్లలు తప్పకుండా అడుగుతారు, "రాయి మీద ఎందుకు వేశాడు, తెలివి లేదా?" అని. వాడే చల్లితే ఆ అనుమానం రాదు, చేతిలోంచి వెళ్ళిన గింజ ఎక్కడ పడుతుందో వాడే చూస్తాడు. చల్లాక దారి ట్రే వదిలేసి, మిగతా మూడింటిలో గింజల్ని వేళ్ళతో కాస్త కలిపేయాలి. ఆ దేశంలో ఆ రోజుల్లో విత్తనం చల్లాక దున్నడం కూడా ఉండేది.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. డెల్టా పిల్లాడికి సేద్యమంటే నారు పోసి నాట్లు వేయడం, మెట్ట ఊళ్ళ పిల్లాడికి గొర్రుతో సాళ్ళలో వేయడం. విత్తనాన్ని విసిరేయడమేమిటని వాడికి వింత. ఇక్కడ మినుము గుర్తు చేయండి. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే మినుము వెదజల్లుతారు. కొన్ని గింజలు గట్టు మీదా పడతాయి. పిల్లల్లో ఒక్కడైనా అది చూసి ఉంటాడు, వాడితోనే చెప్పించండి. మీరు చెప్పే పది మాటల కంటే "మా తాత ఇట్టా చల్లుతాడు" అని వాడు చేయి ఊపడం మిగతావాళ్ళకు బాగా ఎక్కుతుంది.

తర్వాత నీళ్ళు. తడిపిన మూడు ట్రేలకీ రోజు విడిచి రోజు ఒక్కో టీ గ్లాసు, సమానంగా పోయాలి. దారికి నీళ్ళెవరూ పోయరు కదా, దానికి వద్దు. జాలిపడి దారి మీద కూడా చిలకరిస్తే పెసలు అక్కడే మోసులెత్తుతాయి, కథ తలకిందులవుతుంది. రాతినేలకు అందరితో సమానంగానే పోసినా చాలు, మీరు వేరే ఉపాయం చేయక్కర్లేదు. బండ మీది పల్చటి మట్టి త్వరగా వేడెక్కుతుంది కాబట్టి అక్కడి మొలకలు తొందరగా లేస్తాయి. అదే మట్టి ఎండలో ఒక్క రోజులో ఆరిపోతుంది కాబట్టి వాడిపోతాయి. మిగతా వాటికంటే ముందు పచ్చగా లేచిన ట్రేయే ముందు పోయిందని పిల్లలు ఆశ్చర్యపోతారు. అప్పుడు ఒక మొక్కను పీకి, అడ్డంగా పాకిన వేరును చూపించండి. మాట్లాడకుండా చూపించండి.

ట్రేలు గదిలో ఉంటే పిట్టలు రావు. మేడ మీద పెట్టండి. పావురాలు, గోరింకలు దారి ట్రేని ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి. వాటికి మొలకలన్నా ఇష్టమే కాబట్టి మిగతా మూడింటి మీద మొదటి వారం పాత దోమతెర ముక్క కప్పాలి. తుంగ ట్రేకి మాత్రం ఓపిక కావాలి. అక్కడి మొక్క వెంటనే చావదు. మూడో, నాలుగో ఆదివారానికి పక్క ట్రేలో మొక్క పక్కన పెడితే తేడా తెలుస్తుంది, ఇది పాలిపోయి గిడసబారి ఉంటుంది. "ఎదిగి అణచివేసెను" అన్నమాట అప్పుడు చదవండి.

ఆఖర్న వరి కంకి ఒకటి తెచ్చి గింజలు లెక్కపెట్టించండి. బాగా పండిన కంకిలో నూరు దాటి ఉంటాయి. నూరంతలు, అరవదంతలు అని వల్లె వేయించడం వేరు, ఒక్క గింజ నుంచి వచ్చిన నూరు గింజలు చేతిలో పోసుకోవడం వేరు.

తప్పిపోయిన గొర్రె కథకు, అంటే నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే మిగతావాటిని వదిలి దానికోసం వెళ్ళిన కాపరి కథకు, ఇంత తతంగం వద్దు. నూరు చింతపిక్కలు చాలు. పదేసి చొప్పున పది కుప్పలు పెట్టమనాలి. ముందే ఒకటి తీసి దాచి ఉంచండి. తొంభై తొమ్మిదే వచ్చాయని పిల్లలే కనిపెట్టాలి, మీరు చెప్పకూడదు. సంచి కట్టేముందు మీరు రెండుసార్లు లెక్కపెట్టుకోండి, ఇంకో పిక్క ఎక్కడో జారిపోతే తొంభై ఎనిమిది వచ్చి కథ పాడవుతుంది. అయిదేళ్ళలోపు పిల్లలుంటే పిక్కలు ఇవ్వకండి, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్ళకు సీసా మూతలు ఇవ్వండి. "మిగతా తొంభై తొమ్మిదింటినీ అడవిలో వదిలేస్తే నక్క తినదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అది తుంటరి ప్రశ్న కాదు, కథలో ఉన్న అసలు ప్రశ్నే అది. "అవును కదా, మరి ఎందుకు వెళ్ళాడో" అని ఊరుకోండి.

విజయవాడ వాళ్ళకు ఒక హెచ్చరిక. బండ మీద ఇల్లు, ఇసుక మీద ఇల్లు కథ చెప్పేటప్పుడు జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ పిల్లలు మీ ముందే కూర్చుని ఉంటారు. "వరద వచ్చి ఇల్లు కూలింది, ఎందుకంటే వాడు బుద్ధిహీనుడు" అంటే ఆ పిల్ల వాళ్ళ నాన్న గురించి వింటుంది. కొండ మీద ఇల్లు క్షేమమని చెప్పబోయినా అంతే, ఆ వానల్లోనే మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. లూకా 6:48 తీయండి. అక్కడ గొప్పతనం కొండది కాదు, లోతుగా తవ్వి పునాది వేసినవాడి కష్టానిది. తవ్వడం మీద కథ నిలపండి. పిల్లలకు తవ్వడమంటే ఎలాగూ సరదా.

దొంగలు కొట్టి పడేసినవాణ్ణి పరాయి జాతివాడు ఆదుకున్న మంచి సమరయుడి కథలో అడ్డు వచ్చేది భాష. లూకా 10:34లో "తన వాహనముమీద ఎక్కించి" అని ఉంది. బొమ్మ గీయమంటే పిల్లలు స్కూటరో ఆటోనో గీస్తారు. వాళ్ళ తప్పు కాదు, వాహనమంటే వాళ్ళకు అదే. గాడిద అని ముందే చెప్పండి. "పూటకూళ్లవాని ఇల్లు" అంటే రాత్రి పడుకోనిచ్చి భోజనం పెట్టే చోటు. రెండు దేనారములంటే రెండు రోజుల కూలి, మత్తయి 20:2లో ద్రాక్షతోట పనివాళ్ళకు రోజుకు ఒక దేనారమని ఉంది కదా. ముందు మన మాటల్లో ఏడెనిమిది నిమిషాలు మించకుండా కథ చెప్పి, తర్వాత బైబిల్లోంచి ఒక్కసారి నెమ్మదిగా చదవండి. చదువు ముందు, కథ తర్వాత అయితే గ్రాంథికం దగ్గరే పిల్లలు దిగిపోతారు. సమరయుడు ఎవరంటే, "యూదులకూ వాళ్ళకూ మాటల్లేవు" అంటే చాలు. మన ఊళ్ళో కులం పేరో మతం పేరో పెట్టి పోల్చకండి. ఇంటికెళ్ళి పిల్లాడు చెప్పేది ఆ ఒక్క పేరే.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు వచ్చినప్పటి నుంచీ ఇక్కడ గుడీ బడీ జంటగానే నడిచాయి. దానివల్ల ఎంత మేలు జరిగిందో అందరికీ తెలుసు. కానీ బడిలోని పరీక్ష కూడా గుడిలోకి వచ్చి కూర్చుంది. హాజరు, మార్కులు, బంగారు వాక్యం (కంఠతా పట్టే బైబిలు వచనం) పోటీ, ఫస్ట్ వచ్చినవాడికి టిఫిన్ బాక్సు. "విత్తువాడు ఎవరు? విత్తనము అనగా ఏమి?" అని ఖాళీలు పూరించే పేపరు ఇస్తే, ఉపమానం ఇక జవాబున్న లెక్కే. నాలుగేళ్ళవాళ్ళనీ పన్నెండేళ్ళవాళ్ళనీ ఒకే వరండాలో కూర్చోబెట్టి ఫోన్లో వీడియో పెట్టేయడం ఇంకో అన్యాయం. ఆ వీడియోలో విత్తువాడు ఎక్కడో మంచు దేశం రైతులా ఉంటాడు, గింజ ఎటు పడిందో కనపడనే కనపడదు.

పదిమంది కన్యకలు, తలాంతులు, క్షమించని దాసుడు, ధనవంతుడు–లాజరు, ఇవి నాలుగో తరగతి దాటాక చెప్పండి. తలుపు మూసేయడం, చీకట్లోకి తోసేయడం విన్న చిన్నపిల్లలకు రాత్రి ఆ ముక్కే గుర్తొస్తుంది. తప్పిపోయిన నాణెం కథ మాత్రం ఎంత చిన్నవాళ్ళకైనా చెప్పవచ్చు. తలుపులు మూసి, చీపురు, ప్రమిద, పది పదిరూపాయల బిళ్ళలు ఇవ్వండి. ప్రమిద మీ చేతిలోనే ఉండనివ్వండి.

ట్రేల పనికి సంక్రాంతి వెళ్ళిన ఆదివారం మంచి ముహూర్తం. వానాకాలంలో రాతినేల ఆరదు, డిసెంబరంతా క్రిస్మస్ నాటికలకే పోతుంది. తుంగ గడ్డలు కొత్త సంవత్సరం రోజునే పాతేయండి. వరి కంకి కోసం వెతుక్కోనక్కర్లేదు. పిచ్చుకలకని చూరుకు కట్టే వరికుచ్చు ఎవరింట్లోనో ఉంటుంది, కోతలప్పుడే అడిగి ఒక గుప్పెడు కంకులు కాగితంలో చుట్టి పెట్టుకోండి. ఎలుకలకు అందని చోట పెట్టండి.