ఇంజన్ ఆక్టేవియాది, బండి పోలో... తాళం ఎక్కడ పడింది?

ప్రశ్న: సార్, నా పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో కారులో యాక్సిడెంటైన 2014 స్కోడా ఆక్టేవియా నుంచి తీసిన 1.8 టీఎస్‌ఐ ఇంజన్ వేయించాను. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కూడా దానిదే. స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు తిరిగి ఆగిపోతోంది. రీమ్యాప్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేస్తే సెట్ అవుతుందని మెకానిక్ అంటాడు, రీమ్యాప్ చేసేవాడేమో ల్యాప్‌టాప్ పెట్టి చూసి ‘లాక్ ఉంది, నా వల్ల కాదు’ అన్నాడు. ఇంటికొస్తే ఇంకో టెన్షన్, ఎంత తగలేశావని అడుగుతారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇక్కడ ఉన్నవి రెండు తాళాలు, మీ మెకానిక్ ఒకటే అనుకుంటున్నాడు. అలా అంటుకుని వెంటనే ఆగిపోవడం చాలావరకు ఇమ్మొబిలైజర్ (బండి దొంగతనం కాకుండా ఇంజన్‌ను ఆపేసే తాళం) పనే, మ్యాప్‌తో దానికి సంబంధం లేదు. ముందు ఫాల్ట్ కోడ్‌లు చదివించి ఖాయం చేసుకోండి. తాళంచెవిలో చిప్, మీటర్ బోర్డు, ఈసీయూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే ఇంజన్ నడుస్తుంది. మీ ఈసీయూ ఇంకా ఆక్టేవియా మీటర్ కోసమే చూస్తోంది. దానికితోడు ఆక్టేవియాది ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్, పోలోది అంతకుముందుతరం పీక్యూ25, కాబట్టి వైర్లు ఎంత శుభ్రంగా కలిపినా క్యాన్ లైన్‌లో (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లలో) ఒకరు చెప్పేది ఇంకొకరికి అర్థం కాదు.

రెండోది రీమ్యాప్ తాళం. ఆ ఇంజన్‌కు వచ్చే కాంటినెంటల్ సిమోస్ ఈసీయూలో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు డిజిటల్ సంతకం ఉంటుంది, ఓబీడీ పోర్టులోంచి (ల్యాప్‌టాప్ తగిలించే సాకెట్) మార్చిన ఫైల్ పంపితే సంతకం కలవక తిప్పికొడుతుంది. దాన్ని తెరవాలంటే చాలాసార్లు ఈసీయూను బండి నుంచి విప్పి బల్లమీద పెట్టాలి, కొన్ని పద్ధతుల్లో జిగురుతో అతికిన మూతను హీట్ గన్‌తో వేడిచేసి, బోర్డు వంగకుండా మెల్లగా లేపి, ప్రాసెసర్‌ను బూట్ మోడ్‌లోకి (నేరుగా చదివి రాయనిచ్చే స్థితికి) తేవాలి. వైరు కాస్త పక్క పిన్నుకు తగిలినా, రాస్తుండగా వోల్టేజీ పడినా ఆ డబ్బా పోయినట్టే! అందుకే పాత డేటా మొత్తం కాపీ తీసి మీ చేతికిచ్చాకే పని మొదలుపెట్టమనండి. ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోండి.

నన్నడిగితే ఆ ఆక్టేవియా అమ్మిన స్క్రాప్ షాపుకే మళ్లీ వెళ్లి తాళంచెవి, మీటర్, గేట్‌వే (క్యాన్ లైన్ల మధ్య సందేశాలు చేరవేసే డబ్బా), కత్తిరించని వైరింగ్ అన్నీ సెట్టుగా తెచ్చుకోండి. మీటర్ పోలో డ్యాష్‌బోర్డులో సరిగ్గా కూర్చోకపోవచ్చు, అది పెద్ద సమస్య కాదు. స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది కాకుండా విడిగా కొనేది) పెడదామంటారేమో, ఇది సిలిండర్‌లోకి నేరుగా 200 బార్ ఒత్తిడి దాకా పెట్రోలు కొట్టే ఇంజన్, ఆ ఇంజెక్టర్లను నడపగలిగిన స్టాండలోన్ చవగ్గా రాదు. 2016లో మన దగ్గరకొచ్చిన పోలో జీటీఐలోనూ 1.8 టీఎస్‌ఐయే, 192 పీఎస్. కొనకముందు అడిగి ఉంటే దాని ఈసీయూ, వైరింగ్ వెతకమనేవాణ్ని. అది దొరకడమూ గగనమే అనుకోండి.

ఇంకోటి, ఇంజన్ మార్చేముందే ఆర్టీవో అనుమతి తీసుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. మీరు తీసుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆర్‌సీలో ఒక ఇంజన్ నంబరు, బానెట్ కింద ఇంకోటి ఉంటే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. ముందు ఆ సంగతి చూసుకుని, ఇంజన్ ఆగకుండా నడిచాక రీమ్యాప్ గురించి మళ్లీ ఉత్తరం రాయండి.