న్యూ డీల్ లేకపోయినా యుద్ధమే అమెరికాను గట్టెక్కించేదా?

1930ల ఆర్థిక మహా మాంద్యం పోయింది రెండో ప్రపంచ యుద్ధం వల్లే, న్యూ డీల్ పేరుతో సహాయ, సంస్కరణ కార్యక్రమాలు తెచ్చిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేసిందేమీ లేదు అనే మాట సగమే నిజం.

1933లో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. అప్పటికే వేల బ్యాంకులు మూతపడ్డాయి. డిపాజిట్లకు కేంద్ర ప్రభుత్వ పూచీ లేదు కాబట్టి, ఫలానా బ్యాంకు మునుగుతోందని పుకారు పుడితే చాలు, జనం దాని ముందు క్యూ కట్టేవారు. ఆ తాకిడికి బాగున్న బ్యాంకూ కూలేది. మార్చి 4న పదవిలోకి వచ్చిన రూజ్‌వెల్ట్ రెండు రోజులకే దేశంలోని బ్యాంకులన్నీ మూయించారు. 12న రేడియోలో మాట్లాడి, ఏవి ఎప్పుడు తెరుస్తారో, ఎందుకో మామూలు మాటల్లో వివరించారు. మర్నాడు తెరిస్తే, తీసుకెళ్లిన డబ్బు తిరిగి వేయడానికి జనం వరుస కట్టారు! 1934 నుంచి డిపాజిట్లకు బీమా వచ్చింది. ఇదంతా యుద్ధానికి ఎన్నో ఏళ్ల ముందే జరిగింది.

అయితే 1937లో ప్రభుత్వం తొందరపడి ఖర్చు తగ్గించడంతో నిరుద్యోగం మళ్లీ పెరిగింది. 1940లోనూ 14 శాతం పైనే. ఆయుధాల ఆర్డర్లు, సైన్యంలో చేరికలతో 1944కి సుమారు 1.2 శాతానికి దిగింది. అంత ఖర్చు ముందే పెట్టి ఉంటే జనం అన్నేళ్లు అల్లాడేవారు కాదని నా గట్టి అభిప్రాయం.

ఆ ఉద్యోగాలూ నల్లజాతివారికి తేలిగ్గా దక్కలేదు. వాషింగ్టన్‌లో భారీ ప్రదర్శన తీస్తామని నల్లజాతి కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ హెచ్చరించాకే, 1941 జూన్‌లో రక్షణ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది.