పాత వాచీలు – మీ ప్రశ్నలు: ఈ నెల అన్నీ క్యాలెండర్ పాకెట్ వాచీల గురించే

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో ఒక జేబు గడియారం దొరికిందండీ. నల్లటి ఉక్కు కేసు, తెల్ల డయల్ మీద నాలుగు చిన్న డయల్స్. వారం ఒకదాంట్లో, తేదీ ఒకదాంట్లో, నెల ఒకదాంట్లో, కింద సెకన్ల ముల్లు దగ్గర చందమామ. ఎక్కడా కంపెనీ పేరు లేదు. టైమ్ బానే నడుస్తోంది గానీ తేదీ మారట్లేదు. ఇది రేర్ పీసేనా? ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: పేరు లేదని దిగులు పడకండి, ఈ రకం వాచీల్లో చాలావాటికి పేరుండదు. 19వ శతాబ్దం చివర్లో స్విట్జర్లాండ్‌లో జూరా కొండల వైపు ఊళ్ళలో ఇవి బోలెడు తయారయ్యాయి, మూవ్‌మెంట్ (లోపలి మెషిన్) ఒకరు చేస్తే కేసు ఇంకొకరు డయల్ మరొకరు, చివరికి అమ్మే షాపాయన కావాలనుకుంటే తన పేరు వేయించుకునేవాడు లేదంటే లేదు. అందుకే డయల్ మీద పేరున్నా సరే అది చేసినవాళ్ళ పేరే అని నమ్మేయకూడదు. మన దేశంలో కలకత్తా, బొంబాయి షాపుల పేర్లతో దొరికేవి చాలావరకు ఇలాంటివే.

మీరు చెప్పిన నల్ల కేసుని గన్‌మెటల్ అంటారు, ఉక్కుకి నలుపెక్కించింది. కాబట్టి మీది కోట్లు పలికే సరుకు కాదు, కానీ నాలుగు డయల్స్ ఉన్న క్యాలెండర్ వాచ్ మామూలు టైమ్ వాచ్ దొరికినంత తేలిగ్గా దొరకదు, పారేసుకోకండి.

వయసు తెలియాలంటే వెనక మూత తీసి చూడండి, లోపల ఇంకో మూత ఉండొచ్చు, దాని మీద ఏం చెక్కి ఉన్నా వదలకుండా ఫోటో తీయండి. ఎగ్జిబిషన్ మెడల్ బొమ్మ పక్కన 1889 అని ఉందనుకోండి, వాచ్ ఆ ఏడాది తర్వాతదే గానీ ఆ ఏడాదిదే అని కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. స్విస్ శిలువ గుర్తు పక్కన నంబరుంటే అది పేటెంట్ నంబర్ అవ్వొచ్చు, స్విస్ పేటెంట్లు మొదలైందే 1888 నవంబర్‌లో కాబట్టి అంతకు ముందుది కాదని తేలిపోతుంది, ఆ నంబర్‌ని యూరోపియన్ పేటెంట్ ఆఫీస్ వాళ్ళ ఎస్పాసెనెట్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు. మీది ఉక్కు కాబట్టి హాల్‌మార్క్ ఉండదు, వెండి కేసున్నవాళ్ళు మాత్రం స్విస్ ముద్ర కోసం భూతద్దం పెట్టి చూడండి, ఎలుగుబంటి ఉంటే 875 వెండి (వెయ్యి పాళ్ళలో 875 వెండి), అడవికోడి లాంటి పక్షి ఉంటే 800, మూడు ఎలుగుబంట్లుంటే 935. బంగారంలో ఉడత 14 క్యారెట్లు, ఆడమనిషి తల 18 క్యారెట్లు. వారాలు నెలలు ఏ భాషలో రాశారో కూడా చూడండి, ఫ్రెంచా ఇంగ్లీషా స్పానిషా రష్యనా అన్నదాన్ని బట్టి ఏ దేశంలో అమ్మడానికి చేశారో కొంతవరకు ఊహించొచ్చు.

ఇక తేదీ మారకపోవడం. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. క్యాలెండర్ పనిముట్టు ఉండేది వెనక మూత వైపు కాదండీ, డయల్ కింద. రోజుకొకసారి తిరిగే చక్రానికున్న చిన్న కొక్కెం అర్ధరాత్రి వేళ తేదీ చక్రాన్ని ఒక పన్ను ముందుకి తోస్తుంది. అక్కడ నూనె ఎండి బిగుసుకుపోయి ఉండొచ్చు, లేదా ఎప్పుడో ఏ రిపేరాయనో ఆ తోసే చక్రాన్నే తీసేసి టైమ్ వరకు నడిచేలా చేసి ఇచ్చి ఉండొచ్చు. డయల్ విప్పితే తప్ప చెప్పలేం, ఆ డయల్ రాగి రేకు మీద ఎనామెల్ (గాజు లాంటి పూత) అయ్యుంటే కొంచెం ఒత్తిడికే పగుల్తుంది, కాబట్టి ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి ప్రయోగాలు వద్దు. రిపేరాయన్ని పాకెట్ వాచీలు విప్పిన అనుభవం ఉందా అని ముందే అడిగి మరీ ఇవ్వండి.

ప్రశ్న: ఒకతను పర్పెచువల్ క్యాలెండర్ అని చెప్పి బంగారు పాకెట్ వాచ్ అమ్ముతానంటున్నాడు, వెనక మూత తీసిన ఫోటోలు పంపాడు, మెషిన్ తళతళలాడుతోంది. నమ్మొచ్చా? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పైన చెప్పిందే మళ్ళీ చెప్తున్నానమ్మా, వెనక ఫోటో ఎంత తళతళలాడినా క్యాలెండర్ గురించి దాదాపు ఏమీ చెప్పదు. డయల్ తీసిన ఫోటో అడగండి. ఇవ్వనంటే నేనైతే అక్కడే ఆగిపోతా.

మామూలు క్యాలెండర్‌కి ప్రతి నెలా 31 రోజులే, అంటే ఏడాదికి ఐదుసార్లు మనమే సరిచెయ్యాలి. పర్పెచువల్ అయితే 30 రోజుల నెలలూ, 28 రోజుల ఫిబ్రవరీ, లీపు సంవత్సరం అన్నీ దానికే తెలుసు. ఎలాగంటే లోపలొక చక్రం అంచున ఎక్కువ తక్కువ లోతుల్లో గాట్లుంటాయి, ఒక మీట ఆ గాట్లో ఎంత లోతుకి దిగిందో దాన్ని బట్టి నెలాఖర్న తేదీ ఎన్ని గళ్ళు దూకాలో తేలుతుంది. కొన్నిట్లో ఆ చక్రం నాలుగేళ్ళకి, అంటే 48 నెలలకి, ఒక చుట్టు తిరుగుతుంది. లీపు సంవత్సరం చూపించే చిన్న డయల్ లేకపోయినా పర్పెచువల్ కాదని కొట్టిపారేయకండి, ఉన్నా చాలదు. అనుభవం ఉన్న వాచ్‌మేకర్ ముందు, లీపు కాని ఏడాది ఫిబ్రవరి 28కి పెట్టించి, ముళ్ళని అర్ధరాత్రి దాటించమనండి. మార్చి 1 వస్తే మాట్లాడుకోవచ్చు, 29 వచ్చిందంటే అది మామూలు క్యాలెండరో లేక పాడైన పర్పెచువలో.

పర్పెచువల్ వాచీల్లో మనకి తెలిసినంతలో మొదటిది లండన్‌లో థామస్ మడ్జ్ అనే వాచ్‌మేకర్ 1762 ప్రాంతంలో చేసింది. పైస్థాయి చూడాలంటే స్విస్ కంపెనీ పాటెక్ ఫిలిప్, హెన్రీ గ్రేవ్స్ అనే అమెరికన్ ధనవంతుడి కోసం చేసి 1933లో అందించిన వాచ్, పర్పెచువల్ క్యాలెండర్ సహా 24 కాంప్లికేషన్లు (టైమ్ చూపించడం కాక చేసే అదనపు పనులు), 2014లో జెనీవా వేలంలో సుమారు 2.32 కోట్ల స్విస్ ఫ్రాంకులు పలికింది. అమ్మేవాళ్ళు ఇలాంటి పేర్లు మధ్యలో తెస్తారు, పడిపోకండి. మీరు కొనేది నిజంగా పాటెక్కే అయితే మూవ్‌మెంట్ నంబర్, కేసు నంబర్ ఇచ్చి కంపెనీ నుంచి ఆర్కైవ్ ఎక్స్‌ట్రాక్ట్ తెప్పించుకోవచ్చు, డబ్బు తీసుకుంటారు. అయితే అది పాత రిజిస్టర్‌లో ఏముందో చెప్పే కాగితమే, ఇప్పుడా వాచ్‌లో ఏ ముక్కలున్నాయో చెప్పేది కాదు.

ప్రశ్న: మా పెదనాన్నగారి వాచ్ నాకిచ్చారు, 1900 ముందుదంటున్నారు. డల్లాస్ తీసుకెళ్ళొచ్చా? – ఎన్నారై పాఠకుడు

జవాబు: బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోకండి బాబూ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కింద లెక్కకొస్తుంది, అలాంటివి మామూలు మనుషులు దేశం దాటించకూడదు. వందేళ్ళు నిండలేదని అనుకుంటే పురావస్తు శాఖకి చూపించి, ఇది పురావస్తువు కాదు అని సర్టిఫికెట్ తీసుకోండి. మీ పెదనాన్నగారి లెక్కే నిజమైతే అది ఇక్కడే ఉండాలి.

ప్రశ్న: వాచ్‌లో చందమామని కరెక్ట్‌గా ఎలా పెట్టాలి? – విజయవాడ

జవాబు: గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉందిగా, అది చాలు. పౌర్ణమి నాడు నిండు చంద్రుడు మధ్యలోకొచ్చేలా పెట్టండి, లేదా పౌర్ణమి దాటి ఎన్ని రోజులైందో లెక్కేసి అన్నిసార్లు ముందుకి జరపండి. చాలావాటిల్లో చందమామ బొమ్మలుండే చక్రానికి 59 పళ్ళు, రోజుకో పన్ను, దాని మీద రెండు చందమామలు, అంటే ఒక్కో నెలకి 29న్నర రోజులు. చంద్రుడి అసలు నెల అంతకన్నా ఓ ముప్పావు గంట ఎక్కువ, అందుకని రెండేళ్ళ ఏడెనిమిది నెలలకి ఒక రోజు తేడా వస్తుంది, ఇంచుమించు మనకి అధికమాసం వచ్చేంత కాలమన్నమాట. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా చూపిస్తున్నప్పుడు మాత్రం ఏదీ జరపొద్దు, అప్పటికే పళ్ళు పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి, ముందు ముళ్ళని పొద్దున్న టైమ్‌కి తిప్పుకుని అప్పుడు మొదలుపెట్టండి. తేదీనీ చందమామనీ జరపడానికి కేసు అంచున ఉండే బుల్లి బటన్లని పిన్నీసుతో కాకుండా మొన లేని చెక్కపుల్లతో నొక్కండి.