ఎసిడిటీకీ, ముద్ద దిగకపోవడానికీ సంబంధం ఉందా?

ఏళ్లుగా ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నాయి, ఇప్పుడు ముద్ద రొమ్ము వెనకాల ఆగినట్టుంటోంది, ఇది ఎసిడిటీ వల్లేనా అని అడిగారు. కావచ్చు. అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల కండర గొట్టం. దాని అడుగున ఉండే కవాటం వదులైతే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది. లోపలి పొర పదేపదే పుండుపడి, మాని, మచ్చకట్టి దారి ఇరుకవుతుంది. అప్పుడు చపాతీ, మాంసం ముక్క లాంటి గట్టివే ముందు అడ్డుపడతాయి. మజ్జిగ హాయిగా దిగిపోతుంది.

మొదటి నుంచీ మంచినీళ్లు కూడా ఆగుతుంటే మాత్రం సంగతి వేరు. అకలేషియా అనే జబ్బులో ఆ కవాటం తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోదు. నిలిచిన తిండి పులిసి పైకి వస్తుంటే దాన్నీ ఎసిడిటీ అనుకుని ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగేవాళ్లున్నారు. నాకు బాధగా అనిపించేది ఇదే. ఎండోస్కోపీ, బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే, అన్నవాహికలో కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీలతో తేడా తెలుస్తుంది. ఆమ్లం వల్ల మచ్చకట్టి వచ్చిన ఇరుకైతే బెలూన్‌తో సాగదీస్తారు. ఆ తర్వాత ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ లాంటి మందు డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడకపోతే మళ్లీ బిగుసుకోవచ్చు.

ముద్ద అడ్డుపడటం మొదలైందంటే, అందులోనూ బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా అవుతున్నా, ఎండోస్కోపీ వాయిదా వేయకండి. క్యాన్సర్ కాదని ముందు తేల్చుకోవాలి.