చెస్ ఇంజిన్ల పోటీకి బలమైన ప్రోగ్రాములను ఎలా ఎంచుకుంటారు?

రేటింగ్ చూసి పిలిచేస్తారా అంటే, అంత తేలిక కాదు. 2010లో మొదలైన టీసీఈసీ (టాప్ చెస్ ఇంజిన్ ఛాంపియన్‌షిప్) పోటీనే తీసుకోండి. అక్కడ ఇంజిన్లు కింది లీగ్‌లో గెలిచి పైకి రావాలి, అట్టడుగున మిగిలితే దిగిపోవాలి. అన్నిటికంటే పై లీగ్ అయిన ప్రీమియర్ డివిజన్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవే 100 గేమ్‌ల సూపర్‌ఫైనల్ ఆడతాయి.

అసలు చిక్కు డ్రాలతో. ఆట మొదలును ఇంజిన్ల ఇష్టానికి వదిలేస్తే ఈ స్థాయిలో వాటి మధ్య ఎక్కువ గేమ్‌లు డ్రా అయిపోతాయి. అందుకే కాస్త ఒకవైపు మొగ్గిన ఓపెనింగ్‌లు (ఆట మొదటి ఎత్తులు) ఇచ్చి, రంగులు మార్చి ఒక్కోదాన్ని రెండుసార్లు ఆడిస్తారు. నాలుగైదు గేమ్‌ల ఫలితం అదృష్టం కూడా కావచ్చు, కాబట్టే వంద. 2019లో అలాంటి ఒక సూపర్‌ఫైనల్‌లో స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌ను లీలా అనే ఇంజిన్ 53.5-46.5తో ఓడించింది.

హార్డ్‌వేర్ గొడవ మాత్రం తీరేది కాదు. స్టాక్‌ఫిష్ సీపీయూ (కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్) మీద నడుస్తుంది, లీలాకి జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) కావాలి. ఆ రెంటినీ ఏ తక్కెడలో తూచాలి?