గ్రహణం లేని రోజు రోకలి నిలబెట్టి చూశారా?

ప్రశ్న: గ్రహణం పట్టగానే మా వీధిలో ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి మధ్యలో రోకలి నిలబెడతారు. ఎవరూ పట్టుకోకుండానే నిలబడుతుంది, విడుపు అయ్యేదాకా పడదు. కళ్ళారా చూసింది అబద్ధమెలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చూసింది అబద్ధం కాదు, రోకలి నిజంగానే నిలబడింది. తేలాల్సింది, గ్రహణం లేకపోతే నిలబడదా అన్నది. ఆ రెండో సగం ఎవరూ చేసి చూడరు. మామూలు రోజున దంచడం అయ్యాక రోకలిని గోడకి చేరేస్తాం తప్ప నిలబెట్టాల్సిన పనేముంది?

నాలుగడుగుల రోకలి, అంటే సుమారు 120 సెం.మీ. అడుగున ఇనప పొన్ను, దాని వ్యాసం 6 సెం.మీ. అనుకుందాం. బరువు కేంద్రం ఇంచుమించు నడిమికి ఉంటుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి దిగే గీత పొన్ను అంచు దాటనంతవరకూ రోకలి పడదు. లెక్క కడితే దాదాపు 3 డిగ్రీలు. పై కొస 6 సెం.మీ. పక్కకి ఒరిగినా తిరిగి నిలదొక్కుకుంటుందన్నమాట. ఓపిగ్గా నిలబెట్టేవాళ్ళకి ఆ వెసులుబాటు చాలు. పసుపు నీళ్ళ వల్ల ఒరిగేదీ లేదు, పళ్ళెం అడుగు చదునుగా ఉండటమే ముఖ్యం.

సూర్యచంద్రులు ఒకే వరసలోకి వచ్చి లాగుతారని కొందరు వివరణ ఇస్తారు. ప్రతి అమావాస్యకీ ఇంచుమించు అదే వరస. ఆ రెండూ కలిసి కలిగించే ఆటుపోటు బలం భూమి ఆకర్షణలో పది లక్షల వంతు కూడా ఉండదు. పైగా చంద్రగ్రహణానికి కూడా రోకలి నిలబడుతుంది. అప్పుడు సూర్యుడు ఒక దిక్కున, చంద్రుడు ఎదురు దిక్కున ఉంటారు మరి!

పరీక్ష మీ ఇంట్లోనే చేయొచ్చు. మొదలుపెట్టే ముందే కాగితం మీద రాసుకోండి: మామూలు రోజున పదిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు నిలబడితే నా అభిప్రాయం మార్చుకుంటాను? ఈ అంకె ముందే రాయకపోతే ఫలితం వచ్చాక మనసు దానికి తగ్గ సాకు వెతుక్కుంటుంది. తర్వాత, గ్రహణం రోజు వాడిన రోకలి, పళ్ళెం, చోటు, నిలబెట్టే మనిషి, ఏదీ మార్చకండి. పళ్ళెంలో గోలీ వేసి చూడండి, దొర్లితే కింద కాగితం మడత పెట్టండి. ఫ్యాన్ ఆపండి. ఒక్కో ప్రయత్నానికి అయిదు నిమిషాల గడువు. పడిపోయినవీ రాయాలి, ఎక్కువమంది వదిలేసేది ఇదే. పొన్ను అరిగి అడుగు గుండ్రంగా తేలిన రోకలి ఏ రోజూ నిలబడదు. విడుపుకి పడుతుందన్న మాట తేలాలంటే ఎవరూ ముట్టుకోకుండా మర్నాటి దాకా వదిలేయండి. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, మూడు కిలోల కర్ర కాలి మీద పడితే వేలు చితుకుతుంది.

గ్రహణం లేని రోజున కూడా చూడాలన్న పట్టుదలకి మన గుంటూరులోనే మంచి ఉదాహరణ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడికి వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని రంగులుగా విడదీసే పరికరంలో ప్రకాశవంతమైన గీతలు చూశాడు. మర్నాడు మామూలు ఎండలో మళ్ళీ వెతికితే అవి కనిపించాయి. ఆ జ్వాలల్ని చూడటానికి గ్రహణం కోసం కాచుకోనక్కర్లేదని అలా తేలింది.

ప్రశ్న: మా కోడలికి అయిదో నెల. గ్రహణం వేళ కత్తిపీట ముట్టుకుంటే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందని, మంచినీళ్ళు కూడా తాగకుండా కదలక పడుకోవాలని పెద్దవాళ్ళ మాట. వింటే పోయేదేముంది?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: పోయేది ఉంది. గర్భిణి గంటల తరబడి నీళ్ళు మానేస్తే నీరసం, కళ్ళు తిరగడం. ఇన్సులిన్ వేసుకునే మనిషి తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇక మొర్రి సంగతి. కడుపులో బిడ్డకి పై పెదవి అతుక్కునేది 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య. అయిదో నెలలో కూరలు తరిగితే అప్పటికే అతుక్కున్న పెదవి చీలదు.

మరి నమ్మకం ఎందుకు నిలిచింది? కాగితం మీద నాలుగు గడులు గీయండి: తరిగింది–మొర్రి వచ్చింది, తరిగింది–రాలేదు, తరగలేదు–వచ్చింది, తరగలేదు–రాలేదు. ఊళ్ళో చెప్పుకునేవన్నీ మొదటి గడిలోవే. మిగతా మూడు గడుల్లో ఎందరున్నారో లెక్కపెట్టకుండా ఏదీ తేలదు. గ్రహణాల కాలం సుమారు 173 రోజులకొకసారి వస్తుంది కాబట్టి తొమ్మిది నెలల్లో భూమ్మీద ఎక్కడో ఒకచోట సూర్యగ్రహణం తప్పక పడుతుంది. నెపం వెయ్యాలనుకుంటే ఏ తల్లికైనా ఒకటి దొరుకుతుంది. అసలు కారణాల్లో వంశపారంపర్యం, పొగతాగడం, గర్భానికి ముందే ఉన్న మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు ఉన్నాయి. ఆ మందులు సొంతంగా ఆపేయకండి, గర్భం దాల్చక ముందే డాక్టర్ని అడగండి.

ఇదే గడుల లెక్క హేతువాదులకీ వర్తిస్తుంది. గ్రహణం వేళ నడివీధిలో పులిహోర తిని చూపిస్తే జనం భయం కాస్త తగ్గుతుంది. రుజువుగా మాత్రం అది ఒక్క గడిలో ఒక్క గీత.

ప్రశ్న: గ్రహణ సమయంలో అల్ట్రావయొలెట్ కిరణాలు పెరుగుతాయట, దర్భ వాటిని అడ్డుకుంటుందట. మన ఆచారాల వెనక సైన్స్ ఉన్నట్టే కదా?
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: సూర్యుణ్ణి చంద్రుడు కప్పేకొద్దీ ఆ కిరణాలూ తగ్గుతాయి. చంద్రగ్రహణం రాత్రిపూట, అప్పుడా ప్రశ్నే లేదు. కంటికి ప్రమాదం మాత్రం నిజం. వెలుతురు తగ్గిందని తేరిపార చూస్తాం, కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు. ఎక్స్‌రే ఫిల్ము, మసిపట్టిన గాజు పనికిరావు. 14వ నంబరు వెల్డింగ్ గాజు పనికొస్తుంది.

"తాతల నాటి నుంచి పాలలో దర్భ వేస్తున్నాం, అందుకే వేస్తాం" అనడంలో నిజాయితీ ఉంది. దానికి అరువు తెచ్చిన శాస్త్రం తగిలిస్తేనే పేచీ. దర్భని పరీక్షించాలంటే ఒకే గిన్నెలో పాలు కాచి, చల్లార్చి, ఆరు కప్పుల్లో సమానంగా పోయండి. మూడింట్లో కడిగిన దర్భ వేయండి (కడగకపోతే మట్టిలోని సూక్ష్మజీవులే పాలని ముందు విరగ్గొట్టొచ్చు). అన్నిటినీ కాగితంతో కప్పి, ఏది ఏదో తెలియని మనిషి చేత రెండేసి గంటలకొకసారి వాసన చూపించండి. ఆరూ పక్కపక్కనే ఉండాలి, కిటికీ ఎండ తగిలినది ముందు విరుగుతుంది.

ప్రశ్న: నేను సైన్స్ టీచర్ని, రోజూ పూజ చేస్తాను. ఇలా పరీక్షలు పెట్టడం దేవుణ్ణి శంకించడం కాదా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పరీక్షకి నిలబడేది దేవుడు కాదు, మనుషులు చెప్పిన మాట. పట్టు స్నానం, జపం మీ మనసుకి సంబంధించినవి. "మొర్రి వస్తుంది" అన్నది లోకం గురించి చేసిన ప్రకటన, దాన్ని అడగొచ్చు. ఆచారమైనా ఒక్కటిగా లేదు: గ్రహణానికి తిరుమల తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచి అభిషేకాలు చేస్తారు. గ్రహణాలకి కారణం నీడలేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. పంచాంగకర్తలు వేళలు కట్టేదీ ఆ నీడల లెక్కతోనే.

ఈసారి సూర్యగ్రహణానికి మీ పిల్లల చేత పంచాంగాన్నే పరీక్ష చేయించండి. అట్టకి 2 మి.మీ. రంధ్రం పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, రెండు మీటర్ల దూరంలో తెల్ల కాగితం మీద బింబం పట్టండి. అది సుమారు 18 మి.మీ. ఉంటుంది. సెల్‌ఫోన్ గడియారం చూసి స్పర్శ (పట్టు), మోక్ష (విడుపు) కాలాలు రాయించండి. సూర్యగ్రహణం వేళలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి పంచాంగం ఏ ఊరికి కట్టిందో ముందు చూడండి. స్పర్శ మీకు కొన్ని నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తే పంచాంగాన్ని తప్పుపట్టకండి, అంత చిన్న బింబంలో మొదటి నొక్కు కంటికి ఆనదు.