ఆటల పీరియడ్ – మీ ప్రశ్నలు, మా జవాబులు: బంతి అందరి చేతికీ అందాలంటే

ప్రశ్న: మా స్కూలు అపార్ట్‌మెంట్ల మధ్య ఉంది. ఆవరణంతా సిమెంటే, 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. మూడో తరగతిలో 40 మంది పిల్లలు. పీఈటీ (వ్యాయామ టీచర్) లేరు, క్లాస్ టీచర్‌గా నేనే ఆడించాలి. క్రికెట్ పెడితే ఇద్దరు ఆడతారు, నలుగురు పరుగెత్తుతారు, మిగతావాళ్లు గోడకానుకుని కబుర్లాడతారు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఒక చిన్న లెక్క వేయండి. మామూలు గల్లీ క్రికెట్‌లో ఒక్కో బంతికి అర నిమిషం పడుతుంది. 40 నిమిషాల పీరియడ్‌లో 80 బంతులు. 40 మందికి పంచితే తలా రెండు. అవి కూడా బాగా ఆడేవాళ్లకే పోతాయి. కబుర్లాడే పిల్లలకు ఆట మీద ఇష్టం లేక కాదు, వాళ్ల దాకా బంతే రావడం లేదు.

క్లాసును రెండు సగాలు చేయండి. 20 మంది ఆవరణలో, 20 మంది వరండాలో. వరండాలో ఉన్నవాళ్లు జతలుగా నాలుగు మీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలబడి బంతిని దొర్లించుకుంటారు, పట్టుకుంటారు. దానికి పెద్ద చోటు అక్కర్లేదు. 12 నిమిషాలకు రెండు సగాలూ చోట్లు మారతాయి.

ఆవరణ పొడవును సుద్దముక్కతో ఐదు మీటర్లకొకటి చొప్పున ఐదు వరుసలుగా గీయండి. వరుసకు నలుగురు. బ్యాట్ పట్టుకున్నవాళ్లు అందరూ ఒకే పొడుగు గోడ వైపు, దానికి రెండు మీటర్ల ముందు నిలబడి, ఎదుటి గోడ వైపే కొట్టాలి. మిగిలిన ముగ్గురూ ఫీల్డర్లు. దగ్గరివాడు కూడా ఆరు మీటర్ల అవతలే ఉండాలి. బంతిని సీసా స్టాండు మీద (ఎలా చేయాలో కింద ఉంది) పెట్టడానికి ఇంకొకరిని పక్కన నిలబెట్టకండి. వెనక్కి ఎత్తిన బ్యాట్ తగిలేది సరిగ్గా అలా నిలబడ్డ పిల్లలకే. కొట్టేవాళ్లే తమ బంతి తాము పెట్టుకుంటారు. వరుసకు రెండు బంతులిస్తే ఒకటి వెనక్కి వచ్చేలోగా రెండోది కొట్టేయొచ్చు. ఆరు బంతులు కాగానే మారాలి. ఈ లెక్కన 12 నిమిషాల్లో ఒక్కొక్కరూ రెండు విడతలుగా 12 దెబ్బలు కొడతారు.

మొదటి రెండు మూడు వారాలు బంతి కదలకూడదు. లీటరు నీళ్ల సీసాలో మూడో వంతు ఇసుక పోసి, టీ కొట్టులో ఇచ్చే చిన్న పేపర్ కప్పును నోరు పైకి ఉండేలా మూత మీద టేపుతో అంటించండి. టెన్నిస్ బంతి దాని మీద చక్కగా కూర్చుంటుంది. బ్యాట్ తగిలి సీసా పడినా ఎవరికీ దెబ్బ తగలదు. ఎత్తు కోసం కింద ఇటుక మాత్రం పెట్టకండి. బ్యాట్ ఇటుకకు తగిలితే మణికట్టు జివ్వుమంటుంది, ఆ పిల్ల మళ్లీ గట్టిగా కొట్టదు.

బంతి పాతదైతేనే మంచిది. కొత్త టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలన్నది ప్రమాణం. మూడో తరగతి పిల్ల ఎత్తు అంతకన్నా కాస్త తక్కువే. సిమెంటు మీద అది నేరుగా మొహం మీదికే లేస్తుంది. నూగు అరిగిన బంతి గానీ స్పాంజ్ బంతి గానీ వాడండి.

ఈ దశలో పిల్లలు చేసే తప్పులు దాదాపు అందరిలోనూ ఒకటే. కుడిచేతి పిల్లలు కుడిచేతిని పైన పెట్టి చేతులు తారుమారు చేస్తారు. కుడిచేతి వాటమైతే పిడి పైభాగం ఎడమచేతిది. ఛాతీ ఎదుటి గోడ వైపు తిప్పి నిలబడి, కట్టె కొట్టినట్టు పైనుంచి కిందికి వేస్తారు. ఎడమ భుజం ఎదుటి గోడను చూడాలి. బంతిని వదిలి సీసాను కొడుతున్నారంటే, దెబ్బ పడకముందే కళ్లు ఎదుటి గోడ మీదికి పోయాయన్నమాట. ‘బంతిని చూడు’ అని అరవడం వల్ల ఫలితం ఉండదు. బంతి మీద స్కెచ్ పెన్నుతో నాలుగు రంగుల చుక్కలు పెట్టి, కొట్టాక ‘పైన ఏ రంగు ఉండె?’ అని అడగండి. జవాబు చెప్పాలంటే చూసి తీరాలి.

ఆ తర్వాత ఆరు మీటర్ల నుంచి నేల మీద దొర్లించిన బంతి, ఆ తర్వాత కింది చేతితో వేసిన వన్ టప్పా (ఒక్కసారి నేలకు తగిలి లేచే) బంతి. చేయి తిప్పి బౌలింగ్ చేయడం నాలుగో తరగతికి ముందు వద్దు. వైడ్లు (అందకుండా పక్కకు పోయిన బంతులు) ఏరుకోవడానికే పీరియడ్ అయిపోతుంది.

చివరి ఎనిమిది నిమిషాలు ఆవరణలో ఉన్న సగానికి ఆట పెట్టండి, ఏ సగమన్నది వారం వారం మార్చండి. కొట్టిన పిల్ల ఐదు మీటర్ల దూరంలోని గుర్తు దాకా పోయి వస్తూ పరుగులు లెక్కపెట్టుకుంటుంది. ఫీల్డర్లలో బంతి అందినవాళ్లు ఆగిపోవాలి, మిగతా ఇద్దరూ పరుగెత్తుకొచ్చి వాళ్ల వెనుక రైలు కట్టి ‘స్టాప్’ అనాలి. అక్కడితో పరుగులు ఆగుతాయి. ఈ ఆటలో అవుట్ లేదు. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు అవుట్ పెడితే నేర్చుకోవాల్సిన పిల్లలే ముందు బయటికి పోయి కూర్చుంటారు. ఈ విషయంలో రాజీ పడకండి.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఈ పీరియడ్‌ను ప్రార్థన అయిన వెంటనే పెట్టించుకోండి. పది దాటితే ఆ సిమెంటు మీద పిల్లలను నిలబెట్టలేరు.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. బంతి వేస్తే మొహం పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకుంటుంది. వాళ్ల నాయన ‘పిరికిది’ అంటారు. మానుతుందా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: తప్పకుండా మానుతుంది, పిరికి అనే మాట మాత్రం ఇంట్లో వినిపించకూడదు. తన వైపు సూటిగా వచ్చే బంతి ఎంత దూరంలో ఉందో ఈ వయసు పిల్లలకు వెంటనే తెలియదు. ఎప్పుడు తగులుతుందో తెలియని వస్తువు మొహం మీదికి వస్తుంటే ఎవరైనా తల తిప్పుకుంటారు.

దస్తీతో మొదలుపెట్టండి. ముడి వేయకుండా గాల్లోకి విసిరి, మెల్లగా దిగుతుంటే పట్టుకోమనండి. తర్వాత రెండు సాక్సులు ఉండలా చుట్టి, తానే పైకి ఎగరేసుకుని తానే పట్టుకోవాలి. తన చేత్తో వేసింది కాబట్టి ఎప్పుడు వస్తుందో తనకు తెలుసు. పదింటిలో ఎనిమిది పట్టాక మీరు ఒకటిన్నర మీటరు నుంచి కింది చేతితో వేయండి. మళ్లీ పదింటికి ఎనిమిది పట్టాకే అర మీటరు వెనక్కి జరగండి. మూడు మీటర్ల నుంచి పట్టగలిగాక స్పాంజ్ బంతి ఇవ్వండి, మొదట ఒక టప్పా పడేలా.

చేతుల సంగతి. నడుము కిందికి వచ్చే బంతికి దోసిలి, చిటికెన వేళ్లు కలిసి ఉండాలి. ఛాతీ పైకి వచ్చేదానికి అరచేతులు బంతి వైపు, బొటనవేళ్లు కలిసి ఉండాలి. చప్పట్లు కొట్టినట్టు రెండు పక్కల నుంచి పట్టబోతే బంతి మధ్యలోంచి జారి మొహానికి తగులుతుంది, భయం మళ్లీ మొదటికొస్తుంది. బంతి తగిలిన క్షణాన చేతులు కడుపు వైపు లాక్కోవాలి, లేకపోతే గోడకు కొట్టినట్టు ఎగిరిపోతుంది.

ఆడపిల్లకు ఇదంతా ఎందుకనే మాట వస్తే, మిథాలీ రాజ్ చిన్నప్పుడు బ్యాట్ పట్టింది మీ పక్కనున్న సికింద్రాబాద్‌లోనే అని చెప్పండి.

ప్రశ్న: మా సర్కారు బడిలో బ్యాట్లు లేవు, కొనే పైసలు లేవు. పిల్లలకు చిర్రగోనె (గిల్లీదండా) వచ్చు. దాన్నే నేర్పితే తప్పా?
– ఒక ఉపాధ్యాయుడు, ముషీరాబాద్

జవాబు: తప్పేముంది! కొట్టడం, వెంటపడి పట్టడం, దూరాన్ని పరుగుల లెక్కలోకి మార్చడం, అన్నీ అందులో ఉన్నాయి. ప్రమాదమల్లా రెండు కొనలూ చెక్కిన ఆ చిర్ర. అది ఎటు ఎగురుతుందో కొట్టినవాడికి కూడా తెలియదు, కంటికి తగిలితే చూపే పోవచ్చు. దాన్ని తీసేసి, పై జవాబులో చెప్పిన సీసా మీద గుడ్డ బంతి పెట్టండి. గోనె (కొట్టే పొడుగు కర్ర) అలాగే ఉండనివ్వండి, అర మీటరు పొడవు, పట్టుకునేచోట గుడ్డ చుట్టి. గాల్లో పట్టుకుంటే అవుట్ అనే నియమం పోయి, పట్టినవాళ్లకు ఐదు పాయింట్లు. కొట్టినవాళ్ల పాయింట్లను గోనెతో కొలిపించండి. బంతి తొమ్మిది మీటర్లు పోతే 18 గోనెలు. కొలిచే పని ఫీల్డర్లది, నోట్‌బుక్‌లో రాసేది కొట్టినవాళ్లు. గణితం పీరియడ్ సారు కూడా సంతోషిస్తారు.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, ఎత్తు నాలుగడుగులు. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని 5వ సైజు బ్యాట్ కొన్నాం. అన్నీ ఎడమ పక్కకే కొడుతున్నాడు. కొట్టాక బ్యాట్ విసిరేస్తున్నాడు కూడా.
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: రెండింటికీ కారణం ఆ బరువే. 5వ సైజు దాదాపు ఐదడుగుల పిల్లలది. మీ బాబుకు 1వ సైజు చాలు. బరువు ఆపలేక కింది చేయి బ్యాట్‌ను అడ్డంగా లాగేస్తోంది, అందుకే బంతి ఎడమకు పోతోంది. పై చేతి ఒక్కదానితో బ్యాట్‌ను ముందుకు చాచి పది లెక్కపెట్టేదాకా పట్టుకోమనండి. వాలిపోతే అది తన బ్యాట్ కాదు. దాన్ని అటక మీద పెట్టి, ప్లాస్టిక్ బ్యాటైనా సరే, తేలికైనది ఇవ్వండి.

విసరడం అలవాటైపోయి ఉంటే, కుడి పక్కన మీటరు దూరంలో గోనె సంచి పరచండి. బ్యాట్‌ను దాని మీద పెట్టాకే పరుగు మొదలు, సంచి బయట పడితే ఆ పరుగులు లెక్కలోకి రావు. చూసే పిల్లలు కనీసం ఐదు మీటర్ల అవతల, గీసిన గీత వెనుకే నిలబడాలి.